షంషేర్ మంజిల్ పడమటి గోడ

షంషేర్ మంజిల్‌లో కొలతలు మొదలుపెట్టిన రోజు నవీన అందరికంటే ముందు చూసింది అబ్దుల్ హమీద్‌నే. ఆ ముసలాయన పడమటి గోడ పక్కన గొంతుక్కూర్చుని, మడిచిన వేలి కణుపుతో గోడను రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. జానెడు జరిగి మళ్లీ కొట్టాడు.

"ఏం వింటున్నవ్ చాచా?" అని అడిగింది నవీన.

"లోపల నిండుగ ఉన్నదా, డొల్లగ ఉన్నదా అని. కుండ కొనేటప్పుడు మీ అమ్మ కొట్టి చూడదా బేటీ? గట్లనే."

"మరి ఎట్లున్నది?"

ఆయన మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచాడు. "కొంచెం డొల్లనే ఉన్నది. చూస్త ఇంకా," అన్నాడు.

షంషేర్ మంజిల్ అమీర్‌పేట చౌరస్తా వెనుక సందులో ఉంది. నిజాం కాలంలో ఒక జాగీర్దారు తన అతిథుల కోసం కట్టించిన రెండంతస్తుల మేడ. తర్వాత ఏదో సర్కారీ ఆఫీసుకు గోదాము అయింది. ఆ తర్వాత పదకొండేళ్లు తాళం పడి ఉంది. చుట్టూ హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. పై వరండాలో నిలబడితే మెట్రో రైలు కిటికీల్లో మనుషుల ముఖాలు కనబడేవి. ఇప్పుడొక ట్రస్టు ఆ మేడను బాగు చేయించి, జనం వచ్చి చూసేలా తయారు చేస్తానని ముందుకొచ్చింది. డంగు సున్నం పని తెలిసినవాళ్లు ఊళ్లో మిగిలిందే నలుగురైదుగురు. అందుకని వెతికి వెతికి యూసుఫ్‌గూడలో ఉంటున్న హమీద్‌ను పిలిపించారు. సున్నంలో ఎంత ఇసుక, ఎంత బెల్లం నీళ్లు, కరక్కాయ రసం ఎప్పుడు కలపాలో ఆయనకు వాళ్ల తాత నేర్పాడు. పదిహేనేళ్లుగా సున్నం అడిగినవాడు లేక బాత్రూములకు టైల్స్ వేసుకుంటూ బతికాడు. ఈ పని దొరికినప్పుడు ఆయన ఇంట్లో సేమియా వండుకున్నారని తర్వాత తెలిసింది నవీనకు.

నవీనకు ఇరవై ఆరేళ్లు. తల్లి సీతాబాయి ఎర్రగడ్డ రైతు బజార్‌లో ఆకుకూరలు అమ్మి కూతుర్ని సివిల్ డిప్లొమా చదివించింది. మైత్రీవనంలో మూడు నెలలు భవనాల మోడలింగ్ నేర్చుకున్నాక, పంజాగుట్టలో రాఘవేందర్ నడిపే చిన్న ఆఫీసులో నవీనకు ఉద్యోగం దొరికింది. పాత కట్టడాలను కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ల పని. మూడు కాళ్ల స్టాండు మీద ఒక పెట్టె గిర్రున తిరుగుతూ కంటికి కనబడని కిరణంతో గదినంతా తడుముతుంది. ఒక్కో గదికి కోట్ల చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీద నవీన గోడలు, దూలాలు, తలుపులు ఒక్కొక్కటిగా గీసేది. ప్రతి తలుపుకూ ఒక నంబరు, ప్రతి దూలానికీ ఒక చరిత్ర. దాన్ని ఎప్పుడు బాగు చేశారో, ఏ చెక్క వాడారో, మళ్లీ ఎప్పుడు చూడాలో అన్నీ అందులోనే ఉంటాయి. రేపు ఈ మేడను చూసుకునేవాళ్లు ట్యాబ్లెట్ తెరిచి వేలితో తాకితే చాలు.

ఆ పని ఆమెకు ప్రాణం. పాడుబడిన గది తెర మీద తేలుతుంటే తిండి సంగతి మర్చిపోయేది.

రెండో వారంలో పడమటి గోడ దగ్గర చిక్కు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో గోడ గీస్తే తీగ లాగినట్టు నిటారుగా వస్తుంది. స్కాన్‌లో వచ్చిన చుక్కలు మాత్రం ఆ గీతకు ఒదగలేదు. నేల నుంచి ఆరడుగుల ఎత్తులో గోడ తడిసి ఆరిన అట్టలా బయటికి ఉబ్బి ఉంది. కొలిస్తే డెబ్బై రెండు మిల్లీమీటర్లు. నవీన ఆ గోడకు రంగులు వేసింది. సరిగా ఉన్నచోట ఆకుపచ్చ, తేడా ఉన్నచోట ఎరుపు. గోడ నడిమధ్య మంచమంత ఎర్ర మరక తేలింది.

హమీద్ మాట గుర్తొచ్చింది. ఆ కాలపు గోడలు రెండు ముఖాలవి. లోపలొక వరస రాయి, బయటొక వరస రాయి, నడుమ మట్టీ చిప్పరాళ్లూ. ఏళ్ల తరబడి వాన నీళ్లు దిగితే నడుమ ఉన్నది కొట్టుకుపోతుంది, రెండు వరసలూ దేనికవి విడిపోతాయి. బయటికి మాత్రం గోడ గోడలాగే నిలబడి ఉంటుంది.

రాఘవేందర్‌కు చూపించింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇంగ్లిష్ సరిగా రాని పిల్లను నమ్మి పని ఇచ్చినవాడు. సీతాబాయికి ఆపరేషన్ అయినప్పుడు ఇరవై రోజులు సెలవిచ్చి, ఒక్క మాట అడగనివాడు. తెర వైపు వంగి చాలాసేపు చూశాడు.

"ఎట్లున్నదో అట్లనే గీయాలంటే ఎన్ని రోజులు పడ్తది?"

"గీ ఒక్క గోడకే నాలుగు రోజులు సర్. మొత్తం బిల్డింగ్ అట్ల చెయ్యాలంటే నెల."

"మనకున్నయి తొమ్మిది రోజులు. నిటారుగ గీసెయ్. ఉబ్బు సంగతి రిపోర్టుల వేరే పేజీ పెడదాం."

నవీన గోడను నిటారుగా గీసింది. రంగుల బొమ్మతో పేజీ తయారుచేసి, కింద నాలుగు వాక్యాలు రాసింది. గోడ లోపల ఖాళీ ఉండవచ్చని, నిపుణులు పరీక్షించే దాకా దాన్ని ముట్టుకోవద్దని. ట్రస్టుకు రిపోర్టు పోయిన రోజు తెరిచి చూస్తే ఆ పేజీ లేదు.

"సర్, రంగుల పేజీ..."

"తీసేసిన. అది చూస్తే ట్రస్టోళ్లు గాబరా పడ్తరు. మళ్ల సర్వే అంటరు, ఓపెనింగ్ తారీఖు జరుగుతది. ఇంజినీర్లు సైట్ల చూసుకుంటరు తియ్."

"సరే సర్," అంది నవీన.

తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ రోజు ఇంకేమైనా అన్నానేమోనని ఎంత వెతుక్కున్నా, ఆమెకు దొరికింది ఆ రెండు మాటలే.

మూడు వారాల తర్వాత ట్రస్టు పెద్దలు పని చూడ్డానికి వస్తున్నారంటే రాఘవేందర్ నవీనను కూడా తీసుకుపోయాడు. కాంట్రాక్టరు తరఫు ఇంజినీరు కామరాజు ట్యాబ్లెట్ పట్టుకుని ఎదురొచ్చాడు. గోదావరి వైపు మనిషి, ఎప్పుడూ నవ్వు ముఖం.

"మీ మోడల్ పుణ్యమా అని పని ఎంత తేలికైందో చూశారా నవీన గారూ? పై అంతస్తుకి లిఫ్టు పెడుతున్నాం కదా, దాని తలుపుకి ఎక్కడ కొయ్యాలో డిజైన్ వాళ్లు గీత గీసి ఇచ్చేశారు. రెండుంబావు అడుగుల రాతి గోడ, నిటారుగా ఉంది, ఇబ్బంది లేదన్నారు. బుధవారం కోత మొదలు."

ఆయన తెర మీద చూపిస్తున్నది పడమటి గోడ. గీత ఎర్ర మరక ఉండాల్సిన చోటు మీదుగా పోయింది. మరక మాత్రం అందులో లేదు.

పక్కనే కమాను కింద పాత పూత గీకుతున్న హమీద్ చేతిలో పనిముట్టు కింద పెట్టి వచ్చాడు. "ఇంజినీర్ సాబ్, గీ గోడ డొల్ల ఉన్నది. నేను కొట్టి చూసిన. కొయ్యొద్దు," అన్నాడు.

"ఏంటి హమీద్ గారూ, లేజర్‌తో స్కాన్ చేసిన గోడండీ ఇది. మీ వేలికి అంతకన్నా ఎక్కువ తెలుస్తుందా?" కామరాజు నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం ఏమీ లేదు.

హమీద్ నవీన వైపు తిరిగాడు. "బేటీ, నీ మిషన్ గోడ లోపల సుత చూస్తదా?"

చూడదు. లేజర్ పైపొర మీదే ఆగిపోతుంది. ఆ సంగతి నవీనకు తెలుసు, నాలుగడుగుల దూరంలో నిలబడ్డ రాఘవేందర్‌కూ తెలుసు. ఆయన ట్రస్టు పెద్దలతో మాట్లాడుతున్నవాడు కాస్తా మాట ఆపి ఇటే చూస్తున్నాడు.

"అంతా చూసినం చాచా. ఫికర్ చెయ్యకు," అంది నవీన.

హమీద్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తల ఊపాడు. "చదువుకున్నదానివి. నువ్వంటే సరే," అని కమాను కిందికి పోయి మళ్లీ పనిలో పడ్డాడు.

అది సోమవారం. ఆ సాయంత్రం బస్సులో నవీన రెండుసార్లు ఫోన్ తీసి కామరాజు నంబరు చూసింది. మంగళవారం ఆఫీసులో ఇంకోసారి చూసింది. కోసేముందు దూలాలకు ఆసరాగా పోట్లు పెడతారు కదా, అంత పెద్ద కాంట్రాక్టరుకు ఆమాత్రం తెలియదా అనుకుంది. చిన్న ఉద్యోగిని ఫోన్ చేసి రిపోర్టు తప్పని చెబితే రాఘవేందర్ సర్ ఏమవుతారని కూడా అనుకుంది. ఫోన్ బల్ల మీదే ఉండిపోయింది.

బుధవారం పొద్దున పదకొండున్నరకు గోడ కూలింది.

వార్త విని నవీన ఆటో ఎక్కింది. పంజాగుట్ట దాటేసరికి ట్రాఫిక్ గడ్డకట్టి ఉంది. దిగి మెట్రో స్తంభాల కింద పరుగెత్తింది. సందు మొగలోనే దుమ్ము గొంతుకు అడ్డం పడింది. పడమటి వైపు మేడ నోరు తెరుచుకుని ఉంది. పై వరండా సగం విరిగి వేలాడుతోంది. కూలీలు, హాస్టల్ పిల్లలు, టిఫిన్ బండివాళ్లు వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి రాళ్లు అందిస్తున్నారు. ఎవరూ అరవడం లేదు. రాళ్ల చప్పుడే వినబడుతోంది.

కోతమిషన్ పట్టుకున్న ఒడిశా కూలీకి రెండు కాళ్లూ నుజ్జయ్యాయి కానీ బతికాడు. కమాను కింద ఉన్న హమీద్‌ను బయటికి తీసేసరికి గంటన్నర పట్టింది. స్ట్రెచర్ లోపలికి రాలేకపోతే, ఊడిపడ్డ ఒక తలుపు రెక్క మీద పడుకోబెట్టి తెచ్చారు. గడ్డం నిండా సున్నం. కళ్లు సగం తెరిచే ఉన్నాయి.

కామరాజు ఇసుక కుప్ప మీద కూలబడి ఉన్నాడు. ఎవరు దగ్గరికొచ్చినా ట్యాబ్లెట్ చూపించి ఒకటే మాట అంటున్నాడు. "నిటారుగానే ఉందండీ. ఇదిగో చూడండి. నిటారుగానే ఉంది."

నవీన అతని ముందు నిలబడలేకపోయింది.

మధ్యాహ్నం మూడు దాటాక రాఘవేందర్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"రేపు పోలీసులు ఫైల్ అడుగుతరు. రంగుల బొమ్మ ఉన్నది కద, తీసెయ్. పడమటి దిక్కు స్కాన్ సుత తీసెయ్. మిషన్ల చెడిపోయిందని చెప్తం."

నవీన తలుపు వైపు తిరిగింది.

"గోడ గీసింది నీ లాగిన్ కెల్లి. ఎవడు చూసినా ముందు నీ పేరే కనబడ్తది. నన్ను ఒక్కణ్ణే కాదు, నిన్ను సుత కాపాడుకుంటున్న. సమజైతుందా?"

సమజైంది. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నవీన తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, మొత్తం ఫైలు చిన్న డిస్కులోకి ఎక్కించుకుని, దాన్ని టిఫిన్ సంచిలో వేసుకుని ఇంటికి పోయింది. ఆఫీసులో ఉన్న ఫైలును ముట్టుకోలేదు.

సీతాబాయి గడప దగ్గర కూర్చుని మరునాటికి కొత్తిమీర కట్టలు కడుతోంది. కూతురు చెప్పిందంతా చెయ్యి ఆపకుండా విన్నది. విన్నాక దారం కొరికి, "ఊకో బిడ్డా," అంది. "పోయినోడు ఎట్లన్న రాడు. నువ్వు జైలుకు పోతే నాకెవరున్నరు? మీ సార్ చెప్పినట్టు విను."

"హమీద్ చాచా నన్ను అడిగిండమ్మా. గోడ గురించి అడిగింది నన్నే."

సీతాబాయి కట్టల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ అన్నం తినలేదు.

మరునాడు నవీన ఆఫీసుకు పోలేదు. ఆ తర్వాతి రోజూ పోలేదు. రాఘవేందర్ ఫోన్లు ఎత్తలేదు. మూడో రోజు, సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయిపోయిన మధ్యాహ్నం అడ్రసు కనుక్కుంటూ యూసుఫ్‌గూడ పోయింది. ఇరుకు మెట్ల పైన రెండు గదుల కిరాయి ఇల్లు. హమీద్ కూతురు నూరీన్ తలుపు తీసింది. ఒక మందుల దుకాణంలో పనిచేస్తుందని నవీన ఎప్పుడో హమీద్ నోటనే విన్నది. హమీద్ భార్య ఇమామ్ బీ లోపలి గదిలో పరదా వెనుక గోడకానుకుని కూర్చుని ఉంది. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న మనిషి, ఆడవాళ్లు తప్ప ఎవరూ లోపలికి పోవడం లేదు.

నవీన లోపలికి పోయి ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని, తనెవరో చెప్పింది. గోడ ఉబ్బు, రంగుల పేజీ, తీసేయడం, హమీద్ అడగడం, తను జవాబు చెప్పడం, అన్నీ వరసగా చెప్పింది.

"చాచా నన్నడిగిండు. చూసినం అన్న. చూసినం కానీ, కనబడింది చెప్పలే. తప్పు నాదే అమ్మీ."

కింద సందులో ఎవరో స్కూటరు కిక్కులు కొడుతున్నారు.

"నువ్వేనా ఆ పిల్లవు?" అంది ఇమామ్ బీ. "నాకు చెప్పిండు నీ గురించి. సోమవారం నాడు ఇంటికొచ్చి, గోడ డొల్ల ఉన్నది, ఎల్లుండి కోస్తమంటున్నరు, ఆ రోజు నేను పోనే పోను అన్నడు. మళ్ల తనే అన్నడు, కంప్యూటర్ పిల్ల చూసిందంట, చదువుకున్న పిల్ల, మనకంటే దానికే ఎక్కువ తెలుస్తదని. బుధవారం సద్ది కట్టించుకొని పోయిండు."

నవీన తల ఎత్తలేకపోయింది.

"ఇప్పుడు నీ మాటతోని నేనేం జెయ్యాలె? చెప్పు. తినాల్నా, కప్పుకోవాల్నా?"

నూరీన్ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. నవీన వైపు చూసి, గొంతు పెంచకుండా అడిగింది. "నా ముందర చెప్పినట్టు పోలీసుల ముందర చెప్తవా? కాయితం మీద?"

"చెప్త. ఫైల్ సుత తెచ్చిన."

"అయితే పో. చెప్పినంక ఫోన్ చెయ్యి. ఇక్కడికి మాత్రం మళ్ల రాకు. మా అమ్మీ నిన్ను చూసి తట్టుకోలేదు."

నవీన అటునుంచి అటే స్టేషనుకు పోయి డిస్కు ఇచ్చింది. మూడు గంటలపాటు కూర్చోబెట్టి అడిగారు. లేజర్ అంటే ఏమిటో, చుక్కలంటే ఏమిటో, ఎర్ర మరక అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పింది. చివరికి సంతకం పెట్టమన్నప్పుడు చదువుకుని పెట్టింది. బయటికి వచ్చి నూరీన్‌కు ఫోన్ చేసి, "అయిపోయింది," అంది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

వారంలో రాఘవేందర్‌నూ, కాంట్రాక్టరునూ, కామరాజునూ అరెస్టు చేశారు. నిందితుల జాబితాలో నాలుగో పేరు నవీనది. తనంతట తనే వచ్చి చెప్పినందుకు ఆమెను లోపల పెట్టలేదు కానీ పేరు తీసేయలేదు. గోడ గీసింది ఆమె చెయ్యే మరి. నెల తిరక్కుండా అందరికీ బెయిలు వచ్చింది. కామరాజు భార్యాబిడ్డలను వాళ్ల ఊరికి పంపేశాడని విన్నది. రాఘవేందర్ ఒకసారి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎదురుపడ్డాడు. నవీనను చూశాడు, గుర్తుపట్టాడు, హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.

షంషేర్ మంజిల్‌ను పరీక్షించడానికి వచ్చిన నిపుణులు, మిగిలిన గోడలు కూడా భరోసాగా లేవని రాశారు. నలభై రోజులకు యంత్రాలు వచ్చి మొత్తం పడగొట్టాయి. ఆ చోటు చుట్టూ రేకులు కట్టారు. ట్రస్టు ఒక వీడియో విడుదల చేసింది. మేడ పోయినా డిజిటల్ రూపంలో కలకాలం నిలిచి ఉంటుందని అందులో ఒక తియ్యటి గొంతు చెప్పింది. అది నవీన చేసిన మోడలే. కెమెరా తోటలోంచి మెల్లగా వచ్చి, కమాను దాటి, పడమటి గోడ పక్కగా పోయింది. ఎండ పడిన గోడ తీగ లాగినట్టు నిటారుగా ఉంది. నవీన సగంలోనే ఫోన్ ఆపేసింది.

కేసు ఉన్న మనిషికి ఏ ఆఫీసులోనూ పని దొరకలేదు. ఇప్పుడు పొద్దున తల్లితో కలిసి రైతు బజార్‌లో కూర్చుంటుంది, పది దాటాక ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త పిల్లలకు సాఫ్ట్‌వేర్ నేర్పుతుంది. అక్కడ ఆమె కేసు సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నూరీన్ మాత్రం ఫోన్ చేస్తుంది. రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి. "పద్దెనిమిది తారీఖు, పదిన్నర," అంటుంది. అంతే. వాయిదా ఉన్న రోజు నవీన పది గంటలకే కోర్టుకు చేరుకుంటుంది. ఇప్పటికి ఏడు వాయిదాలు పడ్డాయి. ఒక్కసారీ ఆమెను బోనులోకి పిలవలేదు.

పోయిన వాయిదా రోజు జడ్జి సెలవులో ఉన్నాడన్నారు. ఇద్దరూ బయటికి వచ్చి బస్టాపులో కొంచెం ఎడంగా నిలబడ్డారు. ఎండ మాడుతోంది.

"అమ్మీ ఎట్లున్నది?" అని నవీన అడిగేసింది, అడగకూడదనుకుంటూనే.

నూరీన్ రోడ్డు వైపే చూస్తూ, "ఉన్నది," అంది.

యూసుఫ్‌గూడ మీదుగా పోయే బస్సు వచ్చింది. ఎర్రగడ్డకూ అదే బస్సు. నూరీన్ ముందు తలుపు నుంచి ఎక్కి ఆడవాళ్ల సీట్లలో కిటికీ పక్కన కూర్చుంది. నవీన ఎక్కలేదు. ఇంకో బస్సు కోసం అక్కడే నిలబడింది.